భయం చెరిగిన మచ్చు

ఆ అమ్మాయి నెత్తిమీది టోపీ పీకి బల్ల మీద పడేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని భోరుమంది. ఇంటర్వ్యూ చేయాల్సిన పిల్ల! మా ఆయన ఎదుటి కుర్చీలో నిటారుగా కూర్చుని, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తనేదో నేరం చేసినట్టు నేలకేసి చూస్తున్నారు. అద్దం తలుపు ఇవతల నుంచి ఇదంతా చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడిస్తే ఏడ్చింది, ఆ ఉద్యోగమేదో ఇచ్చి ఏడవచ్చు కదా!

"సారీ సార్. మీ పని చాలా గొప్పది. కానీ రేపట్నుంచి నేను ఈ కుర్చీలో ఎలా కూర్చోవాలో నాకే తెలీడం లేదు. మా గోదాముకి ఇది వద్దు సార్" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఇలా వద్దనిపించుకోవడం మాకు కొత్త కాదు.  వెనక్కి వచ్చి గాజువాకలో బస్సు దిగాక ఆయన "ఆ పిల్ల నీళ్ళైనా తాగలేదు దమయంతీ" అన్నారు. నా బంగారమే! ఉద్యోగం పోయిందన్న బాధ కన్నా ఆ పిల్ల దాహమే ఎక్కువైంది ఈయనకి.

మా ఆయన పేరు గొర్లె తవిటినాయుడు. సైన్యంలో మందుపాతరలు తీసే దళంలో హవల్దారుగా చేసి, పింఛనుతో ఇంటికి వచ్చారు. నాకు గాజువాక మెయిన్‌రోడ్డు మీద చిన్న బ్యూటీ పార్లరుంది. మాకొక కూతురు, లిఖిత, అయిదో తరగతి. నా పార్లరు ఆదాయం, ఆయన పింఛను కలిపితే ఇల్లు గడుస్తుంది. గడవనిది ఆయనకే. ఇరవై ఏళ్ళు పొద్దున్నే బూట్లు తొడుక్కున్న మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? నా పార్లరు కుర్చీల మరలు బిగిస్తాడు. బిగించినవే మళ్ళీ బిగిస్తాడు.

మొదట్లో కాగితం మీద రెజ్యూమె రాద్దామని కూర్చున్నాం. సైన్యం మాటలు మామూలు మాటల్లోకి మార్చాలని ఎవరో సలహా చెప్పారు. "మందుపాతరలు తీశాను" అన్నదాన్ని నేను "ప్రమాదాల నివారణలో విశేష అనుభవం" అని మార్చాను. ఆయన చదివి, "ఇదెవరు?" అన్నారు. ఎంత చక్కగా రాసినా లాభం లేకపోయింది. కాగితాల కాలం ఎప్పుడో చెల్లిపోయింది. అందరి రెజ్యూమెలూ యంత్రాలే రాసిపెట్టడం మొదలయ్యాక గుమాస్తా నుంచి గవర్నరు దాకా అందరూ ఒకేలాంటి మహానుభావులైపోయారు. ఇక ఎవరూ ఎవరినీ నమ్మలేదు. అప్పుడొచ్చింది మచ్చు.

బియ్యం కొట్లో బస్తాకి బొంగు గుచ్చి గుప్పెడు గింజలు తీసి చూపిస్తారే, అదే మచ్చు. మనిషి నెత్తికి ఒక టోపీ పెడతారు. కళ్ళు మూసుకుని తన పని ఒకసారి మనసులో చేసుకోవాలి. అందులోంచి రెండు నిమిషాలు యంత్రం పట్టుకుంటుంది. ఉద్యోగమిచ్చేవాడు అదే టోపీ పెట్టుకుంటే, ఆ రెండు నిమిషాలూ వాడు మీరే. మీ చెయ్యి ఎంత కుదురో, బుర్ర ఎంత చురుకో వాడికి లోపల్నుంచి తెలిసిపోతుంది. నా పార్లరులో చేరిన పిల్ల కూడా కనుబొమలు తీసే మచ్చు తెచ్చింది. పెట్టుకున్నాను. దారం పట్టుకున్న వేళ్ళ నిండా సినిమా పాటలే. అయినా పనిమంతురాలే, పెట్టేసుకున్నాను.

మా ఆయన మచ్చులో పాటలుండవు కదా. ఒక కొండవాలు మీద బోర్లా పడుకుని, వేళ్ళతో మట్టి పక్కకి తోస్తుంటారు. ఆ చేతుల కుదురు ఎవరికీ ఉండదని అందరూ ఒప్పుకున్నారు. కానీ ఆ కుదురుతో పాటు భయం కూడా వస్తుంది. మామూలు భయం కాదు, వేలి కింద మట్టిబెడ్డ కదిలినా ఇదే ఆఖరి ఊపిరనిపించే భయం. ఏసీ గదిలో కాఫీ తాగుతూ పెరిగిన పిల్లలు దాన్ని రెండు నిమిషాలు ఓర్చుకోలేకపోయారు. ఈయన దాన్ని ఇరవై ఏళ్ళు ఓర్చుకున్నారు.

డాక్టర్ ఇందుశేఖర్ సంగతి అప్పుడే తెలిసింది. మాజీ సైనికులకి ఉద్యోగాలు దొరికేలా చూసే ఒక పరిశోధనశాల సముద్రం పక్క గుట్ట మీద ఉంది. ఆయన అక్కడి పెద్ద. నెమ్మదైన మనిషి, మాట కూడా మెత్తన. మా ఆయన మచ్చు తను పెట్టుకుని చూశారు. ఏడవలేదు గానీ, తీశాక కాసేపు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు.

"ఇందులో గింజ ఉంది, పొట్టు ఉంది. నేను చాటతో చెరిగినట్టు పొట్టు చెరిగేస్తాను. భయం పోతుంది. నేర్పు మిగులుతుంది" అన్నారు.

"మచ్చులోంచేనా?" అన్నాను.

"మనిషిలోంచి కూడా అమ్మా. లేకపోతే కుదరదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, ఖాయం చేసేటప్పుడు ఒకసారి, మచ్చునీ మనిషినీ పక్కపక్కన పెట్టి పోలిక చూస్తారు. మచ్చులో లేని భయం మనిషిలో ఉంటే దొంగమచ్చు కింద లెక్క."

నాకు నమ్మకం కుదరలేదు. అది కనిపెట్టి, ఆయన నవ్వుతూ నన్నే కూర్చోమన్నారు. మీకు దేనికి భయమని అడిగారు. బల్లికని చెప్పాను. టోపీ పెట్టి, ఏదో మీట నొక్కి, రబ్బరు బల్లిని నా ఒళ్ళో వేశారు. దాన్ని తోక పట్టుకుని ఎత్తి చూశాను, బెండకాయని చూసినట్టు. నాకేమీ అనిపించలేదు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

"వెనక్కి పెట్టేయండి డాక్టర్‌గారూ, నా బల్లి భయం నాకుండనీండి" అన్నాను. పెట్టేశారు. పెట్టీ పెట్టగానే నేను వేసిన కేకకి ఆ రబ్బరు బల్లి వెళ్ళి బీరువా మీద పడింది.

డాక్టరుగారు వక్కపొడి డబ్బా అంత డబ్బా ఒకటి చూపించి అసలు విషయం చెప్పారు. చెరిగిన భయం అందులో ఉంటుంది. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఎప్పుడడిగితే అప్పుడు వెనక్కి పెట్టేయవచ్చు. ఖాయమైన రోజు మాత్రం అందరి ముందూ పోలిక చూసి, డబ్బా ఖాళీ చేసేస్తారు. అది నియమం. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా పెట్టలేడు.

"కొంచెమైనా ఉంచరా?" అని అడిగాను.

"అన్నంలో రాయి కొంచెం ఉంచమంటారా అమ్మా?"

 మా ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని, టోపీ కోసం తల వంచేశారు.

ఆ రాత్రి ఆయన గురక పెట్టి నిద్రపోయారు. పెళ్ళయ్యాక మొదటిసారి! సెలవుల్లో వచ్చినప్పుడు ఎన్నిసార్లు లేచేవారో, గ్యాసు మీట చూసేవారో, గడియ లాగి చూసేవారో నాకే తెలుసు. రోడ్డు మీద కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే చుట్టూ తిరిగి వచ్చేవారు. లిఖితని బడికి తీసుకెళ్తే వేళ్ళు వాచేలా పట్టుకునేవారు. అవన్నీ పోయాయి. జోకులు మొదలయ్యాయి. మా పక్కింటి వెంకాయమ్మగారి కుక్కకి కూడా జోకులు చెప్పేవారు. ఇన్నేళ్ళకి నా మొగుడు నాకు దక్కాడని, సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను పొంగిపోయాను.

కొత్త మచ్చు పట్టుకుని వెళ్ళిన మొదటిచోటే ఉద్యోగం దొరికింది. ఊరి బయట రసాయనాల ఫ్యాక్టరీ. భద్రతా సూపర్‌వైజరు. ట్యాంకుల్లోకి మనుషులు దిగాలన్నా, వెల్డింగు చేయాలన్నా ఈయన చూసి సంతకం పెట్టాలి. మేనేజరు పట్నాయక్‌గారు మచ్చు పెట్టుకుని కళ్ళు మూసుకుని, "ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అన్నారట. రెండో నిమిషంలోనే చేతులు కలిపేశారట.

అన్నీ సవ్యంగా ఉంటే నాకు ఎందుకో కుదురుండదు. ఏదో మరిచిపోయి ఊరికి బయల్దేరినట్టు లోపల ఒకటే దురద. దేన్ని మరిచిపోయానో తెలిసేది కాదు. యారాడ బీచికి వెళ్ళిన ఆదివారం తెలిసింది.

నేను చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నాను. ఆయన గట్టున కూర్చుని పొట్లంలో మరమరాల మురీ మిక్చరు తింటున్నారు. లిఖిత నీళ్ళ అంచున ఆడుతోంది. తల ఎత్తి చూస్తే పిల్ల లేదు. ఇంకా లోపలికి చూస్తే, అలల మీద ఎర్ర గౌను. ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. నాకు ఈత రాదు. వల సర్దుకుంటున్న ఒక ముసలాయన నాకన్నా ముందు దూకి, పిల్లని జుట్టు పట్టి లాక్కొచ్చాడు. లిఖిత ఉప్పునీళ్ళు కక్కుకుని నన్ను కరుచుకుపోయింది. మా ఆయన అప్పుడు లేచి, పొట్లం చేత్తో పట్టుకునే నడుచుకుంటూ వచ్చారు.

"ఒచ్చీసింది కదా, మరేటి గోల?" అన్నారు.

ఆ పొట్లం లాక్కుని సముద్రంలోకి విసిరికొట్టాను. "మీరు చూశారా లేదా? అది లోపలికి పోతుంటే మీరు చూశారా లేదా?"

"సూశాను."

"చూసి?"

ఆయన నిజంగానే ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "దమయంతీ, నాకు దాని మీద ప్రేమ లేదనుకోకు. అది మునిగిపోయుంటే నేను సచ్చేదాకా ఏడ్సేవోణ్ణి. మునగక ముందు మాత్రం నాకేటీ అనిపించలేదు" అన్నారు.

 ముసలాయనకి దణ్ణం పెట్టి, పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఆయన లిఖితకి జోకులు చెబుతూనే ఉన్నారు. అది నవ్వలేదు.

డబ్బా తెచ్చేసుకుందామని ఆ వారమంతా పోరాను. వేడుకున్నాను, తిట్టాను, అన్నం మానేశాను. భయం లేనివాడిని దేంతో ఒప్పిస్తారు చెప్పండి? "నిద్ర పడుతున్నాది, నవ్వొస్తున్నాది, ఉద్యోగమొచ్చింది. నెత్తి మీద మళ్ళీ రాయి పెట్టుకోమంతావేటి?" అనేవారు నవ్వుతూ. కోపం కూడా రాదు మనిషికి. పైగా ఫ్యాక్టరీలో ఈయన పేరు మారుమోగిపోతోంది. పాత సూపర్‌వైజరు ఒక్కో సంతకానికి పూట పూటంతా ట్యాంకు చుట్టూ తిరిగేవాడట. ఈయన టీ చల్లారేలోపు పెట్టేస్తారట. పని రెట్టింపు సాగుతోందని, గడువు కన్నా ముందే ఉద్యోగం ఖాయం చేస్తున్నామని పట్నాయక్‌గారు కబురు చేశారు. బుధవారం సభ. శాలువా, స్వీటు. కుటుంబంతో రావాలి. డాక్టరుగారు డబ్బాతో సహా అక్కడికే వస్తారు.

బుధవారమంటే ఇంక రెండు రోజులు. నేను బల్లా కూర్మారావుకి ఫోన్ చేశాను.

కూర్మారావు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు విజయనగరంలో స్కూలు బస్సు తోలుతున్నాడు. మా ఆయన్ని ఉస్తాద్ అంటాడు, నన్ను వొదినా అంటాడు. బస్సు పక్కకి ఆపి సంగతంతా విన్నాడు.

"వొదినా, మా దళంలో ఒక పద్ధతున్నాది. పాతరలున్న దారిలోకి దిగేముందు ఎనకాలోడు ముందోడి అరచెయ్యి పట్టుకుని సూస్తాడు. తడిగా ఉంటే పొమ్మంటాడు. పొడిగా ఉంటే ఆ రోజు ఆణ్ణి పంపడు. పొడి చెయ్యోడు సావుకి తయారైపోయినోడో, బుర్ర పనిసెయ్యనోడో. ఆడు ఒక్కడే పోడు, ఎనకాలోళ్ళనీ తీసుకుపోతాడు. నాకీ పద్ధతి నేర్పింది ఉస్తాదే" అన్నాడు.

"అయితే బుధవారం నువ్వు రా" అన్నాను.

వచ్చాడు, బస్సుకి ఇంకొకర్ని పెట్టి. లిఖితని బడిలో దింపి ముగ్గురం ఫ్యాక్టరీకి వెళ్ళాం. గేటు దాటగానే మా ఆయన గది, దాని కిటికీలోంచి చూస్తే వరసగా తెల్లటి ట్యాంకులు. పట్టుచీర కట్టుకున్నాను గానీ, డాక్టరుగారు డబ్బాతో ఎప్పుడొస్తారా అని నా చూపంతా గేటు వైపే.

ఆయన కూర్చోగానే ఇద్దరు కార్మికులు నడుములకి బెల్టులు కట్టుకుని లోపలికి వచ్చారు. ఎర్రయ్య, సింహాద్రి. రెండో ట్యాంకు లోపల కడగాలట. ఎర్రయ్య నన్ను చూసి, "అమ్మగోరూ, మేం పైకొచ్చీసరికి స్వీట్లన్నీ ఈళ్ళు తినీకుండా సూడండి. మా పోలమ్మకి జాంగ్రీ అంటే పేణం" అన్నాడు.

"నేను దాచిపెడతాలే" అన్నాను. మా ఆయన అప్పటికే కాగితం మీద సంతకం గీకేశారు. వాళ్ళు వెళ్ళిపోయారు.

కూర్మారావు కిటికీలోంచి ట్యాంకు కేసి చూస్తూ అడిగాడు. "దాన్లో ఏటుంటాది ఉస్తాద్?"

"నిప్పు పుట్టకుండా నైట్రోజన్ నింపుతారు. దిగేముందు వాల్వు కట్టేసి గాలి పెడతారు."

"కట్టీశారా?"

"కట్టీశామన్నారు."

"మీరు సూశారా?"

"ఎందుకు? అన్నారు కదా." ఆయన టీ తాగుతున్నారు.

కూర్మారావు మొహం మాడిపోయింది. మాట్లాడబోతుండగానే పట్నాయక్‌గారు, ఆయన వెనక డాక్టరుగారు, శాలువా పళ్ళెంతో ఇంకో ఇద్దరు వచ్చి మమ్మల్ని హాల్లోకి తోసుకుపోయారు. హాలు నిండా జనం. మైకులో ఎవరో అందరినీ రమ్మని పిలుస్తున్నారు. పట్నాయక్‌గారు సైనికుల త్యాగం గురించి నాలుగు ముక్కలు చెప్పి శాలువా కప్పారు. చప్పట్లు. డాక్టరుగారు బల్ల మీద టోపీ, డబ్బా పెట్టారు. ఇక పోలిక చూడటమే మిగిలింది.

నేనిక ఆగలేకపోయాను. లేచి బల్లకి అడ్డం నిలబడ్డాను. "ఆగండి. ఆ డబ్బా ఖాళీ చేయడానికి వీల్లేదు."

పట్నాయక్‌గారు ఇబ్బందిగా నవ్వారు. "అమ్మా, మీకేదైనా సందేహముంటే తర్వాత..."

"దమయంతీ, కూకో. అందరూ సూస్తన్నారు" అన్నారు మా ఆయన, చిరునవ్వు చెక్కుచెదరకుండా.

కూర్మారావు ఆయన ముందుకొచ్చి అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఉస్తాద్, చెయ్యి."

ఆయన అలవాటుగా చెయ్యి చాపేశారు. కూర్మారావు ఆ అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, వదిలేశాడు.

"పొడిగా ఉన్నాది ఉస్తాద్. నేను పంపను."

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మా ఆయనకి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. భయంతో కాదు, అది లేదు కదా. సిపాయికి నియమం గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా ఆగారు. తన చెయ్యి తనే తిప్పి చూసుకున్నారు.

"పొడిగా ఉన్నోడు తనెంత బాగున్నానన్నా వినకూడదు. అదే కదా నేను నేర్పింది?" అన్నారు.

"అవును ఉస్తాద్."

"ఎనకాలోడి మాటే మాట."

"అవును ఉస్తాద్."

ఆయన డాక్టరుగారి వైపు తిరిగారు. "వెనక్కి పెట్టీయండి సార్."

"పెడితే పోలిక తప్పుతుంది. ఉద్యోగం పోతుంది తవిటినాయుడుగారూ" అన్నారు పట్నాయక్‌గారు. నిజం చెబుతున్నాను, నాలో ఒక మూల అయ్యో, జీతం! అని కూడా అనిపించింది. అయినా అడ్డు తప్పుకుని, టోపీ నేనే అందించాను.

డాక్టరుగారు దాన్ని మా ఆయన నెత్తికి పెట్టారు. మీట నొక్కారు. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. ఊపిరి ముందు మారింది. తర్వాత పెదాలు తెల్లబడ్డాయి. శాలువా జారిపోతున్నా పట్టించుకోలేదు. కళ్ళు తెరిచి, నా మొహంలోకి చూసి, "లిఖిత ఎక్కడ?" అన్నారు.

"బడిలో."

"అది నీళ్ళలోకి పోతుంటే నేను కూకునే ఉన్నాను. తింటా కూకున్నాను దమయంతీ!" అని నా చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నాళ్ళూ భయపడనివన్నీ ఒక్కసారే వచ్చి ఆయన మీద పడుతున్నాయి. హైవే మీద ఆయన వదిలేసిన పిల్ల చెయ్యి, కట్టడం మరిచిన గ్యాసు, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతున్నారు. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది.

"రెండో ట్యాంకు" అన్నారు.

ఎవరూ కదల్లేదు.

"ఆ వాల్వు కట్టీసినా నైట్రోజన్ కారుతాది. పైపు ఊడదీయాల. నేను సూడలేదు. ట్యాంకు మూతి దగ్గర ఎవరున్నారు? కాపలా ఎవరు?"

జాంగ్రీ పొట్లం పట్టుకుని వెనక వరసలో నిలబడ్డ ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. "నేనే సార్. మైకులో అందర్నీ రమ్మన్నారు కదా అని..."

అందరూ పరుగెత్తారు. అందరికన్నా ముందు ఆయన. ట్యాంకు మూతి దగ్గర వంగి "ఎర్రయ్యా!" అని అరిస్తే లోపల్నుంచి ఆయన గొంతే తిరిగొచ్చింది. నైట్రోజన్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. పీల్చినవాడు దగ్గయినా రాకుండా కూలిపోతాడు. ఆ సంగతి ఈయనే ఒకరోజు అన్నం తింటూ నాకు చెప్పారు.

గాలి మాస్కు తగిలించుకుంటుంటే ఆయన అరచేతులు తడిగా ఉన్నాయి. పట్టీ కొక్కెం పడటం లేదు. నేను పెట్టాను. పెడుతూనే ఆయన చొక్కా పట్టుకున్నాను. "మీరొద్దు. ఇంకెవరైనా వెళ్తారు."

"భయమేస్తన్నాది దమయంతీ" అన్నారు. పెళ్ళయ్యాక ఆ మాట ఆ నోట వినడం అదే మొదలు. "సాలా భయమేస్తన్నాది. వదులు."

నేను వదిలాను. ఆయన నిచ్చెన మీద ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ దిగిపోయారు. తాడు కూర్మారావు పట్టుకున్నాడు. మొదట సింహాద్రి పైకొచ్చాడు, తల వేలాడేసి. నలుగురు కలిసి గుండెల మీద నొక్కుతుంటే ఒకసారి ఎగపీల్చాడు. తర్వాత ఎర్రయ్య వచ్చాడు. వాణ్ణీ నొక్కారు. అంబులెన్సు వచ్చేదాకా మా ఆయన వాడి గుండె మీదనుంచి చెయ్యి తీయలేదు.

సింహాద్రి బతికాడు. ఎర్రయ్య బతకలేదు.

ఆసుపత్రి వరండాలో పట్నాయక్‌గారు మా ఎదురుగా నిలబడ్డారు. పాపం, ఆయన మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. "తవిటినాయుడుగారూ, వాల్వు కారుతుందని, కాపలా చూడాలని, మీకు ఇదంతా తెలుసు. ఇంత తెలిసిన మనిషి మచ్చులో ఈ జాగ్రత్త ఒక్కటి కూడా కనబడలేదేం?"

మా ఆయన బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు.

"ఉండీది సార్. దాని పేరే భయం. అదుంటే ఎవరూ తీసుకోలేదు. తీయించీసి తెస్తే మీరు తీసుకున్నారు" అన్నారు.

డాక్టరుగారు గోడ వైపు తిరిగిపోయారు. 

అప్పుడే మెట్ల మీద కేకలు వినిపించాయి. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని నడిపిస్తుండగా పోలమ్మ వచ్చింది. పొలంలోంచి వచ్చినట్టుంది, కాళ్ళకి బురద. లోపలికి వెళ్ళి చూసి, బయటికి వచ్చి, వరండాలో ఉన్న మా అందర్నీ ఒక్కొక్కర్నీ చూసింది.

"నా మొగుణ్ణి ఆ గోతిలోకి దిగమన్నోడెవుడు?" అని అడిగింది.

పట్నాయక్‌గారు నేల చూశారు. ఫ్యాక్టరీ మనుషులు ఒకరి వెనక ఒకరు జరిగారు. ఊరుకుంటే ఆమెకి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. కూర్మారావు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు, లేవొద్దని. నేనూ మనసులో అదే అనుకున్నాను. లేవొద్దు, దేవుడా, ఇప్పుడు కాదు. పొద్దున్న అడిగుంటే ఆయన టీ తాగుతూ తేలిగ్గా చెప్పేసేవారు. ఇప్పుడు లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా లేచారు. నడిచి ఆమె ముందుకు వెళ్ళారు.

"నేనేనమ్మా" అన్నారు. "సూడకుండా సంతకం ఎట్టింది నేనే."

పోలమ్మ ఆయన చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. రెండు చేతులతో ఆయన గుండెల మీద బాదుతూ ఏడ్చింది. ఆయన కదల్లేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను ఆమెని ఆపలేదు. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.